కౌసల్యకు వడదెబ్బ

హైమావతి నడుపుతున్న మామిడికాయల లారీ ఘాట్ రోడ్డు మూడో మలుపులో ఉండగా తెర మొత్తం నల్లబడింది. వరసగా ఇది నాలుగో రోజు. టీవీ కింద చెక్క అరలో ఉన్న వీడియో గేమ్ పెట్టె కాసేపు బుసలు కొట్టి, ఎర్రదీపం మిణుకుమిణుకుమనిపించి, గుడ్లు తేలేసింది.

"మళ్లీ పోయిందండీ," అంది హైమావతి. "ఇంకొక్క మలుపు తిరిగితే ఎనిమిదో ఘట్టంలోకి వెళ్లేదాన్ని."

కోటిలింగం వంగి పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసుకున్నాడు. పెనం మీద వేసినట్టే ఉంది.

రేగులగడ్డ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అతను ఫిజిక్సు చెబుతాడు. హైమావతి ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆర్నెల్ల కిందట పక్షవాతం ఒక్క ఊపు ఊపి వదిలేసింది. మాట నిలబడింది, నడక నిలబడింది, కుడిచేతి వేళ్లు మాత్రం మొరాయించాయి. రబ్బరు బంతి నొక్కమంటే ఆమె నాలుగు రోజులు నొక్కి కిటికీలోంచి బయటికి విసిరేసింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఆలోచించి, "పోనీ వీడియో గేములు ఆడించండి. వేళ్లకు అంతకంటే మంచి వ్యాయామం లేదు," అంది. ఇంజనీరింగ్ హాస్టల్ పిల్లలు నాలుగేళ్లు వాడిన కన్సోల్ పెట్టె ఒకటి దొరికింది. ఇప్పుడు హైమావతి చూపుడువేలు మీట నొక్కి లారీని ఎక్కిస్తోంది. సూదిని పట్టుకోలేని వేలు అది. రోజుకు గంట తగ్గకుండా ఆడాలన్నది డాక్టరమ్మ మాట. పెట్టేమో ఇరవై నిమిషాలకు మించి నిలవడం లేదు.

జబ్బు ఏమిటో కోటిలింగానికి తెలుసు. లోపలి ఫ్యానుకు దుమ్ము పట్టింది, బయటేమో నలభై ఆరు డిగ్రీల ఎండ. పెట్టెను అరలోంచి తీసి టేబుల్ ఫ్యాను ఎదుట పెడితే ఇంకో అయిదు నిమిషాలు నడిచింది. విప్పి దులుపుదామంటే దాని మరలకు సరిపడే స్క్రూడ్రైవరు లేదు. ఊళ్లో ఇలాంటివి బాగుచేసే కొట్టు ఒక్కటే. దానికి తాళం వేసి ఉంది. యజమాని చెల్లెలి పెళ్లట, మూడు వారాల దాకా తీయనని అట్ట మీద రాసి వేలాడదీశాడు.

అలాంటి సమయంలో పేపర్లో ఒక ప్రకటన కనబడింది. "వేడితో వేగిపోతున్నారా? మీ ఇంట్లో ఎవరికి, ఎందువల్ల, ఎంత వేడి చేసినా ఒక్క ఫోన్ చాలు. మీ సేవలో ఉష్ణోపశమన విభాగం." ఆ వేసవికే కొత్తగా పుట్టిన విభాగం అది. వాళ్లకు ఎవరైనా మెకానిక్కు తెలిసి ఉండకపోతాడా అని కోటిలింగం ఫోన్ చేశాడు.

"ఉష్ణోపశమన విభాగమండీ. ఎవరికి వేడి చేసింది?" అంది అవతల ఒక అమ్మాయి. లైను గరగరలాడుతోంది.

"మా ఇంట్లో కన్సోల్‌కమ్మా."

"కౌసల్య. వయసు చెప్పండి."

"నాలుగేళ్లు."

"అయ్యో పాపం! ఏం చేస్తుంటే వేడి చేసిందండీ?"

"ఆడుతుంటేనే. ఇరవై నిమిషాలు ఆడేసరికి ముట్టుకుంటే చెయ్యి కాలిపోతోంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు."

"ఎండలో ఆడుతోందా?"

"లేదమ్మా, ఇంట్లోనే. అరలో పెడతాం."

"అరలో పెడతారా?"

"అవును. దుమ్ము పడకుండా తలుపు కూడా వేస్తాం."

"మీరు అక్కణ్నుంచి కదలకండి సార్," అంది ఆ అమ్మాయి. "బండి బయల్దేరింది."

నలభై నిమిషాల్లో వీధి వీధంతా అదిరేలా మోత మోగిస్తూ బండి వచ్చి ఆగింది. అందులోంచి మండల ఉష్ణోపశమనాధికారి విరూపాక్షరావు దిగాడు. వెనకాలే మెడలో థర్మామీటరు తుపాకీ వేలాడుతున్న నర్సు, స్ట్రెచరు మోస్తూ ఇద్దరు మనుషులు.

"సదరు బాలిక ఎక్కడున్నది?" అన్నాడు విరూపాక్షరావు గుమ్మంలోనే.

"బాలికేంటండీ?" అన్నాడు కోటిలింగం.

విరూపాక్షరావు చేతిలోని కాగితం చూసి చదివాడు. "కౌసల్య, స్త్రీ, నాలుగు సంవత్సరములు. ఆడుచుండగా స్పృహ కోల్పోయినది. తలుపు వేసిన అరయందు నిర్బంధించబడినది."

కోటిలింగానికి అప్పటికి విషయం అర్థమైంది. పెట్టెను చూపించాడు, ఫోన్లో తనేమన్నాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. అధికారి పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది యంత్రం."

"యంత్రమేనండీ. మొదటినుంచీ నేను చెబుతోంది అదే కదా."

"మీరేం చెప్పారన్నది ఇక అప్రస్తుతం. ఏం నమోదైందన్నదే ప్రస్తుతం. కేసు నంబరు పడిపోయింది."

"పొరపాటని కొట్టేస్తే సరిపోదూ?"

విరూపాక్షరావు జాలిగా చూశాడు. "కేసు మూయడానికి కంప్యూటర్లో రెండే గడులున్నాయి. కోలుకున్నారు, మరణించారు. పొరపాటు అనే గడి లేదు. విభాగం ఏర్పాటు చేసినప్పుడు మనవల్ల పొరపాట్లు జరుగుతాయని ఎవరూ ఊహించలేదు."

"అయితే ఆ రెండోదే..."

"ఏమిటండీ మీరనేది?" అన్నాడు అధికారి. "మండలంలో తొలి వడదెబ్బ మరణం నా చేతులమీదుగా నమోదు చేయమంటారా? అదీ నాలుగేళ్ల పసిపిల్లది!"

నర్సు ఈలోగా తన పని మొదలుపెట్టింది. తడిగుడ్డ పిండి పెట్టె మీద కప్పబోతుంటే కోటిలింగం ఒక్క అంగలో వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు తగిలితే చచ్చిపోద్దమ్మా!"

"తీసెయ్, తీసెయ్!" అని అరిచాడు విరూపాక్షరావు. నర్సు తడిగుడ్డ తీసేసి, ఓఆర్ఎస్ పొట్లం ఒకటి విప్పకుండా పెట్టె మీద పెట్టి, ఇచ్చినట్టు రాసుకుంది. తర్వాత, బండి వచ్చేముందే హైమావతి మళ్లీ ఇరవై నిమిషాలు ఆడిన ఆ పెట్టెకు తుపాకీ గురిపెట్టింది. నూట ముప్పై ఒకటి చూపించింది.

ఆ అంకె విభాగం ఇంతవరకు చూసి ఎరగదు.

"నూట నాలుగు గానీ, అంతకు మించి గానీ ఉన్న బాధితులను తక్షణం తరలించవలెను. ఇది ఉత్తర్వు," అన్నాడు విరూపాక్షరావు. స్ట్రెచరు లోపలికి వచ్చింది.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్న హైమావతి లేచింది. "దాన్ని తీసుకుపోతే ఎట్టా అండీ? నా చెయ్యి కదులుతోందంటే దాని పుణ్యమే. చూడండి," అని కుడిచెయ్యి చాపి, చూపుడువేలు మెల్లగా వంచి చూపించింది. వేలు వంగింది. పక్క వేళ్లు వణికాయి.

విరూపాక్షరావు చెడ్డవాడు కాదు. నిబంధనల పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. "మైనరు బాధితురాలి వెంట ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు తల్లి ఉండవచ్చును," అని చదివి, కాగితం మీద రాశాడు. "తల్లి, హైమావతి."

ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమెను తల్లి అని ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. నవ్వాలో మానాలో తేల్చుకోలేక హైమావతి కొంగు సర్దుకుంది.

దారిలో బండి పెద్దాసుపత్రి దగ్గర ఆగింది. డ్యూటీ డాక్టరు పెట్టెను చూసి, నాడి అందడం లేదని రాయబోతుంటే విరూపాక్షరావు కలం లాక్కుని బయటపడ్డాడు. చివరికి కౌసల్యను ఉష్ణోపశమన కేంద్రంలోనే చేర్చారు.

కేంద్రమంటే ఊరి చివర ఉన్న ఏసీ ఫంక్షన్ హాలు. ముప్పై మంచాలు, ముప్పై తెల్లదుప్పట్లు, తలంబ్రాలు చూపించే పెద్ద తెర. మనిషన్నవాడు లేడు. చలికి కోటిలింగం చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. పెట్టెను మొదటి మంచం మీద పడుకోబెట్టి, తలవైపు చార్టు తగిలించారు. వైర్లు పెద్ద తెరకు తగిలించేసరికి హైమావతి లారీ గోడంత ఎత్తున ప్రత్యక్షమైంది. ఆ చల్లదనంలో పెట్టె ఇరవై నిమిషాలు కాదు, రెండు గంటలైనా కిమ్మనకుండా నడిచింది.

రెండో రోజు మధ్యాహ్నం కోటిలింగం భార్యకు మజ్జిగ తీసుకురావడానికి బయటికి వచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు. బైపాసులో మురుగుకాలవ కట్టే కూలీలు పదిహేను మంది దాకా రేకుల నీడలో వరసగా కూలబడి ఉన్నారు. నర్సు ఒక్కొక్కరి నుదుటికీ తుపాకీ గురిపెడుతోంది.

"నూట రెండు. చాలదు. నీకు నూట మూడు. కాస్త ఆగి రా పెద్దాయనా, ఇంకో డిగ్రీ ఎక్కాలి."

"ఎక్కిద్దా అమ్మా?" అన్నాడు పెద్దాయన ఆశగా.

కోటిలింగం తిన్నగా విరూపాక్షరావు దగ్గరికి వెళ్లాడు. అతని ఆఫీసు హాలు పక్కనే రేకుల షెడ్డు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, ఫైలుతో విసురుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"వాళ్లను లోపలికి పంపకూడదా అండీ? మంచాలన్నీ ఖాళీయే కదా."

"నూట నాలుగుకు తక్కువైతే బాధితులు కారు."

"నూట నాలుగు దాటితే?"

"ప్రాణాపాయం కింద లెక్క. ఆసుపత్రికి పంపాలి."

"మరి ఈ కేంద్రం ఎవరికండీ?"

"కచ్చితంగా నూట నాలుగు ఉన్నవారికి."

"అట్టాంటివాళ్లు ఇంతవరకు ఎంతమంది వచ్చారు?"

విరూపాక్షరావు ఫైలు కింద పెట్టాడు. "విస్తృత ప్రచారం కల్పిస్తున్నాం. మీ అమ్మాయి సంగతంటారా, ఆసుపత్రి నిరాకరించిన ప్రత్యేక సందర్భం."

మూడో రోజు సామ్రాజ్యం వచ్చింది. కాలవ దగ్గర కంకర మోస్తుంది. గేటు పట్టుకుని నిలబడింది గానీ కాళ్లు నిలవడం లేదు. కాలే మట్టిలో నడిచి నడిచి మడమలు బొబ్బలెక్కాయి. నర్సు చూసి, "నూట మూడున్నర," అంది. అని, తుపాకీని విదిలించి మళ్లీ చూసింది. అయినా నూట మూడున్నరే. నర్సు ముఖం చిన్నబోయింది.

"అరడిగ్రీ తక్కువైందమ్మా. నేనేం చెయ్యను?"

అద్దం తలుపు వెనకనుంచి హైమావతి చూస్తోంది. ఆట రిమోటు మంచం మీద పడేసి, తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

"అది మా చెల్లెలు! పాపకు పిన్ని. చూడ్డానికొచ్చింది. రావే, ఎంతసేపు నిలబడతావు అక్కడ?"

సామ్రాజ్యం నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. నర్సు చకచకా రిజిస్టరు తీసి, "బాధితురాలికి పిన్ని, పరామర్శ," అని రాసి గేటు బార్లా తెరిచింది. బంధువుల పరామర్శకు ఉత్తర్వులో అనుమతి ఉంది. ఎవరో ఒకరు ఆ మాట అంటారా అని ఆమె మూడు రోజులుగా ఎదురుచూస్తున్నట్టుంది.

షెడ్డులోంచి విరూపాక్షరావు పరుగున వచ్చాడు. భార్యాభర్తలను, సామ్రాజ్యాన్ని మార్చి మార్చి చూసి, కోటిలింగం ముందు ఆగాడు.

"లెక్చరరు గారూ, మీరు అబద్ధమాడరని ఊరంతా అంటారు. చెప్పండి. ఈమె మీ మరదలేనా?"

కోటిలింగం అరమార్కు కోసం పిల్లల జవాబుపత్రాలు మూడుసార్లు దిద్దే మనిషి. హైమావతి అతని వైపు చూడటం లేదు. సామ్రాజ్యం మాత్రం చూస్తోంది. కాలే నేల తగలకుండా ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టుకుంది.

"హైమకు చెల్లెలైతే నాకు మరదలే కదండీ," అన్నాడు కోటిలింగం.

తర్కంలో దోషం కనబడలేదు. విరూపాక్షరావు వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాటికి పెద్దమ్మలు నలుగురు, బాబాయిలు ఆరుగురు వచ్చారు. ఇంకో డిగ్రీ ఎక్కాల్సిన పెద్దాయన తాతయ్య అయ్యాడు. నాలుగు రోజుల్లో మేనత్తలూ మేనమామలూ అయిపోయి, పెదనాన్న వరసలోకి వచ్చారు. ఇటుకబట్టీ నుంచి వచ్చిన షేక్ కరీమున్నీసా నర్సు అడక్కముందే, "అమ్మమ్మను," అంది. నర్సు రాసుకుంది. పిల్ల వయసు నాలుగేళ్లు, దానికి తాతలే పదకొండు మంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎర్రటి ఎండవేళ పన్నెండు నుంచి మూడు దాకా హాలు కిటకిటలాడేది. మంచాల మీద ఒళ్లు వాల్చినవాళ్లు వాల్చగా, తక్కినవాళ్లు పెద్ద తెర ముందు చేరి హైమావతికి దారి చెప్పేవాళ్లు.

"అక్కా, బ్రేకు! బ్రేకు తొక్కక్కా, లోయ!"

"ఏంది తొక్కేది, వేలితో నొక్కాలంట!"

పదహారో రోజున లారీ ఘాట్ రోడ్డు దాటి అవతలి ఊళ్లో మామిడికాయలు దించింది. హాలు దద్దరిల్లేలా ఈలలు వేశారు. ఆ సాయంత్రం హైమావతి సామ్రాజ్యం జాకెట్టు చేతి చిరుగుకు సూది తీసుకుంది. దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. కోటిలింగం సాయం చేయబోతే మోచేత్తో నెట్టేసింది. ఏడు కుట్లు వేసింది. ఏడూ వంకరే. అంత వంకర కుట్లు ఆమె పదేళ్ల వయసులో కూడా వేసి ఉండదు. సామ్రాజ్యం చెయ్యి కదపకుండా కూర్చుంది. కోటిలింగం కళ్లు తుడుచుకుంటూ, ఏసీ గాలి పడటం లేదన్నాడు.

ఇంతలో జిల్లా సమీక్ష జరిగింది. తక్కిన మండలాలన్నీ బాధితులు లేరని రాసుకొస్తే, రేగులగడ్డ ఒక బాధితురాలిని నూట ముప్పై ఒకటి నుంచి బతికించిందని, నూట నలభై ఏడుగురు బంధువులకు ధైర్యం చెప్పిందని లెక్క చూపించింది. పైఅధికారి పరవశించిపోయాడు. "ప్రజల భాగస్వామ్యమంటే ఇది. ప్రతి మండలానికీ ఒక కౌసల్య ఉండి తీరాలి. వారంలోగా నివేదిక పంపండి," అన్నాడు.

పక్క మండలం అధికారి రహస్యంగా వచ్చి సంగతి కనుక్కుని వెళ్లాడు. ఆ వారంలో జిల్లా అంతటా వడదెబ్బలు తగిలాయి. ఒకచోట ఇస్త్రీపెట్టెను ఈశ్వరి పేరుతో చేర్చారు. ఇంకోచోట మిక్సీ మీనాక్షి అయింది. నదికి అవతల రైతు ఒకడు కాలిపోయిన బోరు మోటారు తెచ్చి, దాని పేరు బోర్లయ్య అని, తన ఇంటి పెద్దకొడుకని రాయించుకున్నాడు. ఎక్కడ చేర్చితే అక్కడ ఏసీ హాళ్లు తెరుచుకున్నాయి. ఎక్కడ తెరుచుకుంటే అక్కడికి చుట్టాలు వచ్చారు.

ఇరవై ఒకటో రోజు విరూపాక్షరావు పూలగుత్తి, ఫొటోగ్రాఫరుతో సహా మధ్యాహ్నం ఒంటిగంటకు హాల్లోకి వచ్చాడు. బయట నలభై ఆరు. లోపల డెబ్భై మంది దాకా ఉన్నారు.

"ఇరవై ఒక్క రోజుల పరిశీలనా కాలం ముగిసింది," అన్నాడు గొంతు సవరించుకుని. "బాధితురాలు కోలుకున్నట్టు ప్రకటించి ఇంటికి సాగనంపుతాం. చివరి బాధితుడు వెళ్లిన వెంటనే కేంద్రం మూసివేయవలెనని ఉత్తర్వు."

ఈలలు, మాటలు అన్నీ ఆగిపోయాయి. తాతయ్య మంచం మీంచి మెల్లగా కాళ్లు కిందికి దించి, చెప్పుల కోసం తడుముకున్నాడు. సామ్రాజ్యం తట్ట చేతిలోకి తీసుకుంది. వెళ్లమంటే వెళ్లడం వాళ్లకు అలవాటే.

హైమావతి మాత్రం ఆట ఆపలేదు. తెర మీదనుంచి చూపు తిప్పకుండా, "ఏవండీ, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి," అంది.

కోటిలింగం పెట్టె మీద అరచెయ్యి వేశాడు. పొద్దుట్నుంచీ నడుస్తున్న యంత్రం అది.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

నర్సు ఎవరూ చెప్పకముందే తుపాకీ తీసింది. "నూట ఒకటి సార్. తొంభై ఎనిమిది పాయింట్ ఆరుకు దిగితే తప్ప కోలుకున్నట్టు కాదు. ఉత్తర్వు."

స్విచ్చు ఆపితే పావుగంటలో దిగుతుందని కోటిలింగానికి తెలుసు. అడిగితే చెప్పేవాడే. విరూపాక్షరావు స్విచ్చు వైపు చూశాడు. తర్వాత కోటిలింగం వైపు చూశాడు. తాతయ్య ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అధికారి అడగలేదు. కలం తీసి, పైకి చదువుతూ రాశాడు.

"బాధితురాలు ఆటయందు నిమగ్నమై యున్నందున, జ్వరం పూర్తిగా తగ్గనందున, పరిశీలనా కాలం నైరుతి రుతుపవనాలు వచ్చువరకు పొడిగించడమైనది."

ఫొటోగ్రాఫరు పూలగుత్తిని ఏం చెయ్యాలో తోచక కరీమున్నీసా చేతిలో పెట్టాడు. హాల్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి. విరూపాక్షరావు ఫైలు కట్టి తలుపు దాకా నడిచాడు. తలుపు తీసేసరికి వడగాలి ముఖం మీద కొట్టింది. అవతల రేకుల షెడ్డు ఎండకు పెనంలా మెరుస్తోంది. తలుపు మళ్లీ మూశాడు.

"సార్," అంది నర్సు మెల్లగా. "అధికారుల తనిఖీకి అయిదు నిమిషాలే. అయిపోయింది. ఆ పైన ఉండాలంటే బంధువులే ఉండాలి."

విరూపాక్షరావు చొక్కా కాలరు వెనక చెమట ఆరుతోంది. తర్వాత రిజిస్టరు తన వైపుకు తిప్పుకుని, పేరు రాసి, సంతకం పెట్టి, వరస దగ్గర ఆగి ఆలోచించాడు. చిన్న అక్షరాలతో 'మేనమామ' అని రాశాడు.

సామ్రాజ్యం మంచం మీద పక్కకు జరిగింది.

"రా అన్నయ్యా, కూచో."